రాగిలోకంలో నీడ ఎవరిది?

కుట్టుమిషన్ ముందు కూర్చున్న మనిషి ఎక్కడికీ పోదని లోకం అనుకుంటుంది. వీధి వీధంతా కుట్టక్క అని పిలుచుకునే ఆ దర్జీ మాత్రం మిషన్ ముందు నుంచి లేవకుండానే ఒక గ్రహాన్ని పుట్టించింది. దాని నెత్తిన ఇద్దరు సూర్యుళ్లను నిలబెట్టింది, నీటిచుక్క ఎరగని ఇసుక సముద్రాల మీద తెరచాపల ఓడలు నడిపింది, ఓడలంత బల్లులకు జీను కట్టి మనుషుల్ని ఎక్కించింది. ఆకాశం అక్కడ తోమిన రాగి చెంబులా మెరుస్తుంది కాబట్టి దానికి రాగిలోకం అని పేరు పెట్టింది. ఇంతా చేసి మర్నాడు పొద్దున్నే ఎవరిదో లంగాకు బొందు ఎక్కిస్తూ కూర్చుంది.

ఆమెకు ఈ పిచ్చి పట్టించింది ఒక గోడ. చిన్నతనంలో పిన్ని దగ్గర పని నేర్చుకునేటప్పుడు ఆ దుకాణానికీ పక్కనున్న సినిమా హాలుకూ మధ్య ఒకటే గోడ. టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లే తీరిక ఆమెకు ఉండేది కాదు. గోడ మాత్రం పూటపూటా వినిపించేది: గుర్రాల డెక్కలు, కత్తుల ఖణఖణలు, ఏదో పెద్దది కూలిన చప్పుడు, ఆపైన జనం ఈలలు. బొమ్మ లేని ఆ సినిమాకు బొమ్మ ఆమే వేసుకునేది. కూలింది కోట అని పిన్ని అంటే, కాదు, ఎగిరే ఏనుగు అని వాదించేది. ముందు కాజాలు కుట్టవే, ఏనుగు సంగతి అది చూసుకుంటుంది అని పిన్ని ఆమె నెత్తిన ఒక మొట్టికాయ వేసేది.

ఏళ్లు గడిచాయి. దుకాణం ఆమెదయింది, హాలు మూతపడి సోఫాల గోడౌనయింది, గోడ మూగబోయింది. ఇన్నేళ్లు అటునుంచి వచ్చిన సందడి ఇక తన లోపలి నుంచే రావాలని ఆమెకు అర్థమైంది గానీ, దాన్ని బయటికి తెచ్చే దారి తెలియలేదు. ఆ దారి చూపించింది తమ్ముడు. అతను బస్సు కండక్టరు. డిపో విశ్రాంతి గదిలో తోటివాళ్లు ఆడే ఒక కొత్త ఆట నేర్చుకొచ్చాడు. దానికి గళ్లు లేవు, పేకముక్కలు లేవు. ఒకరు ఒక లోకాన్ని కల్పించి చెబుతారు. మిగిలినవాళ్లు ఆ లోకంలో మనుషులై ఏం చేస్తారో చెబుతారు. చేసింది ఫలించిందా లేదా అన్న అనుమానం వస్తే పాచిక తేలుస్తుంది. తమ్ముడు చెప్పడం ముగించేలోపే అక్క ఇసుక సముద్రం దాకా వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఆదివారం సాయంత్రమైతే షట్టరు సగం దించి, కత్తిరింపు బల్ల చుట్టూ నలుగురు చేరేవారు. తమ్ముడు ఇసుక ఓడకు కెప్టెను. పగలంతా టిక్కెట్టు, టిక్కెట్టు అని అరిచే మనిషికి ఒక్క పూటైనా ఓడ అతని మాట వినాలన్నది కోరిక. అతని భార్య రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. మాటలోనూ సూది ఉంటుందని భర్తే ఒప్పుకుంటాడు. ఆటలో ఆమె నీడదొంగ. మూడో మనిషి ఎదుటి కొట్టు తాళాల బాబాయ్. ఇత్తడి ముక్కను ఆకురాయితో రాకి పాచికలు చేసిచ్చింది ఆయనే. బయట తాళాలు తీసే ఆయన ఆటలోనూ తాళాలే తీస్తానన్నాడు. ఈ వయసులో కొత్త వృత్తి నేర్చుకోలేనమ్మా అన్నది ఆయన వాదన.

రాగిలోకంలో నీడదొంగ ఉండటానికి కారణం ఉంది. ఇద్దరు సూర్యులు కాల్చే చోట అన్నిటికంటే విలువైనది నీడ. ఆ నగరం నడుమ వెండి బురుజు ఒకటి నిలబడి ఉంటుంది. దాని నీడ పడినంత మేరా నీడల రాణి సొత్తు. ఎవరు ఏ అంచున నిలబడాలో పుట్టుకే నిర్ణయిస్తుంది. పుట్టుక చాలనివాళ్లు ఎండలో మాడతారు. కుట్టక్క ఈ నగరాన్నంతా ఒక దుప్పటంత గుడ్డ మీద దారాలతో కుట్టింది. కాపలావాళ్ల వంశాలకు ఒక రంగు, గాలి వీచే రుతువులకు ఒక రంగు, రాణి ముత్తవ్వల వరసకు ఇంకో రంగు. బురుజుకు మాత్రం దాచుకున్న జరీ వాడింది. వానకాలమంతా ఈ కుట్టుపనికే పోయింది.

తీరా ఆట మొదలయ్యాక చిక్కు వచ్చిపడింది. కాపలావాడికి లంచమిస్తానని మరదలు అంటే, వాళ్లది రాతిజాతి, లంచం పుచ్చుకోరని కుట్టక్క చెప్పింది. బురుజుకు తలుపెక్కడని బాబాయ్ అడిగితే, తలుపే లేదంది. ఓడను దక్షిణానికి తిప్పుతానని తమ్ముడు అంటే, అది గాలి రుతువు కాదంది. ప్రతి ప్రశ్నకూ ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది, ప్రతి జవాబూ అవదనే చెప్పింది. వారం వారం ఆట చప్పబడింది. తమ్ముడు ఆవులింతలు మింగుతున్నాడు, బాబాయ్ బల్ల సొరుగు తాళం తీసి మళ్లీ వేస్తూ కాలక్షేపం చేస్తున్నాడు. చివరికి మరదలు బ్యాగు భుజాన వేసుకుంది.

"వదినా, ఒక మాట చెబుతా, కోపం తెచ్చుకోకు. నీ లోకం బ్రహ్మాండంగా ఉంది. కానీ అందులో మాకు పనేం లేదు. నువ్వు చూపిస్తుంటే చూసి రావడమేగా. వచ్చే వారం ఒక్కసారి వస్తాను, నీ మొహం చూసి. ఆ తర్వాత నన్ను పిలవకు."

తమ్ముడు నేలచూపులు చూశాడు. పెళ్లాం రాకపోతే అతనూ రాడు. వాళ్లిద్దరూ లేని బల్ల దగ్గర బాబాయ్ ఒక్కడు కూర్చుంటే దాన్ని ఆట అనరు. కుట్టక్కకు ఈ భూమ్మీద ఉన్న ఒకే ఒక్క ప్రయాణం వారం రోజుల్లో ఆగిపోబోతోంది.

కోపం రాలేదని అంటే అబద్ధం. రెండు రోజులు ఆమె మిషన్‌ను తిట్టినట్టే తొక్కింది. కళ్ల ముందు స్వర్గం పరిస్తే కూర్చోవడానికి చోటు లేదంటారా అని గొణుక్కుంది. మూడో రోజు బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదే ఆయన బిగుతైపోయిన తన ఎర్ర కోటు పట్టుకొచ్చాడు. ఊదీ ఊదీ గాలంతా లోపలే నిలిచిపోయింది కుట్టక్కా అని పొట్ట చూపించాడు. తిండిని వదిలేసి గాలిని నిందించడం అన్యాయమని ఆమె అంటే, ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన వెళ్లాక పక్క కుట్టు విప్పింది. లోపల రెండు వేళ్ల వెడల్పున మడిచిన గుడ్డ చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది. ఎన్నడో ఆమె వదిలిందే. ఏ దర్జీ అయినా వదులుతుంది. తొడుక్కునే మనిషి రేపు ఎలా మారతాడో కొలత తీసుకున్న రోజున ఎవరికీ తెలియదు, కాబట్టి ఆ తెలియనిదానికి కూడా గుడ్డ ఉంచాలి.

ఆమె చెయ్యి కోటు మీదే ఆగిపోయింది. ఊళ్లో ప్రతి ఒంటికీ రేపటి గుడ్డ వదిలిన తాను, సొంతంగా కల్పించిన లోకంలో ఒక్క వేలెడు వదల్లేదు. ఎవరి ఒంటికి కుడుతోందో చూడకుండా, అంచులదాకా కోసి, అంచులదాకా కుట్టేసింది. ఆ సాయంత్రమే రాగిలోకాన్ని ఒళ్లో పరుచుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. కాపలావాళ్ల వంశాలు పోయాయి, గాలి రుతువులు పోయాయి, ముత్తవ్వలు వరసగా దారపు ముక్కలై నేలకు రాలారు. ఏడుపు వస్తుందనుకుంది. చిత్రంగా, గుండె దడదడలాడింది. చిన్నప్పుడు గోడ అవతల ఏదో కూలబోయే ముందు కొట్టుకున్నట్టే కొట్టుకుంది. జరీ బురుజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కత్తెర ముందుకు సాగలేదు. దాన్ని అలాగే ఉంచేసింది.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. మరదలు బ్యాగు భుజం మీద నుంచి దించకుండానే కూర్చుంది. బాబాయ్ మర్యాదకోసం పాత ప్రశ్నే అడిగాడు: బురుజుకు తలుపుందా? లేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కుట్టక్క దాన్ని గుటక వేసి మింగింది.

"ఉంటే ఎలా ఉంటుంది బాబాయ్? మీరే చెప్పండి."

బాబాయ్ కళ్లజోడు మీదుగా చూశాడు. ఇది వెటకారమా, నిజమా అని కాసేపు తూచాడు. తరువాత మెల్లగా ముందుకు వంగాడు.

"తలుపుంది. ఇనపది. తాళం బయటివైపు వేసుంది. అమ్మాయ్, బయట తాళం వేశారంటే లోపలున్నది యజమాని కాదు. ఖైదీ."

కుట్టక్కకు ఒళ్లంతా పులకరించింది. నెలల తరబడి రాణి క్రూరత్వాన్ని పోగుపోగుగా కుట్టిన మనిషి తనే, రాణి ఖైదీ అన్న సంగతి తెలియనిదీ తనకే. మరి తాళం వేసిందెవరని తమ్ముడు అడిగాడు. జవాబు కుట్టక్క నుంచి రాలేదు, మరదలి నుంచి వచ్చింది. నీడలో చోటున్నవాళ్లే వేశారు, రాణి ఆజ్ఞ రాణి ఆజ్ఞ అని ఆవిడ పేరు చెప్పుకుని ఇన్నాళ్లూ చల్లగా బతికారు అంది. సూదిలాంటి ఆ గొంతు మొట్టమొదటిసారి వణికింది.

అక్కడినుంచి ఆట పగ్గాలు తెంచుకుంది. బాబాయ్ తాళం తీశాడు. తమ్ముడు పెద్దబల్లి మీద కాపలావాళ్ల మధ్యనుంచి దూసుకుపోయాడు. ఆ ఊపులో తన కుర్చీ వెనక్కి పడినా లేపుకోలేదు. రాణి బయటికొచ్చింది. అప్పుడు మరదలు, "బురుజు కూల్చేస్తున్నా" అంది.

అందరూ కుట్టక్క వైపు చూశారు. గుడ్డ మీద బురుజు దీపం వెలుగులో తళతళలాడుతోంది. అవదని ఒక్క మాట అంటే చాలు, అది నిలుస్తుంది. మరదలు అప్పుడే బ్యాగు పట్టీ సర్దుకుంటోంది, ఆ మాట వినబోతున్నట్టు.

"పాచిక వెయ్యి," అంది కుట్టక్క.

ఇత్తడి పాచిక బల్లంతా దొర్లి ఆరు చూపించింది. కుట్టక్క కత్తెర తీసుకుని, అందరూ చూస్తుండగా, జరీని పైనుంచి కిందిదాకా తెంపేసింది. తెంపుతూనే చెప్పింది: బురుజు కూలింది, దుమ్ము అణగింది, ఇద్దరు సూర్యులూ నడినెత్తికి వచ్చారు. నగరంలో ఇప్పుడు ఎవరికీ నీడ లేదు. ఉన్నవాళ్లకీ లేదు, లేనివాళ్లకీ లేదు.

మరదలి మొహం పాలిపోయింది. మంచి చేస్తున్నాననుకుందే తప్ప ఆ తరువాతి ఎండను తలుచుకోలేదు. రేవులో ఎన్ని ఓడలున్నాయని తమ్ముడు అడిగాడు. నీకు ఎన్ని కావాలని అక్క ఎదురు అడిగింది. అంతే, ఇసుక రేవులోని తెరచాపలన్నీ విప్పించి, వీధి వీధికీ పైన పందిరిలా కట్టిస్తానన్నాడు. వాటికి కొక్కేలు తాను చేసిస్తానన్నాడు బాబాయ్. చాపల కింద ఎవరు ముందు నిలబడాలన్నది తేలకపోతే పాత కథే మళ్లీ మొదలవుతుందని మరదలు పట్టుబట్టింది. పిల్లలు ముందని బాబాయ్, చాపలు కట్టినవాళ్లు ముందని తమ్ముడు. కట్టినవాళ్లు ముందంటే ఇంకో బురుజు లేపినట్టే, వంతులు వేసుకుని జరుగుతూ ఉండాలని మరదలు. ఆ వంతులు ఎవరు వేస్తారని తమ్ముడు, నువ్వు మాత్రం కాదని అతని పెళ్లాం. వాదించడానికి రెండు చేతులూ కావలసి వచ్చి, ఆమె బ్యాగు తీసి బల్ల కింద పెట్టేసింది.

ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. తన లోకంలో వచ్చే క్షణం ఏం జరుగుతుందో కుట్టక్కకు తెలియదు. కుర్చీ ముందుకు లాక్కుంది.

"తరవాత ఏమైంది?" అని అడిగింది.