బాయిలర్ పుస్తకం మీద లక్ష్మి

మా అన్న ఫోన్ చేసి, "నీ దగ్గర పాత పుస్తకాలుంటయి గద, లావుది ఒకటి తీస్కరా" అన్నాడు. ఎందుకని అడిగాను. వాళ్ల అమ్మాయి తొమ్మిదో తరగతి, రాయచూరులో పెద్ద బడి. అక్కడ పిల్లలంతా తలా ఒక పాత పుస్తకం తెచ్చుకుని, అచ్చుపడ్డ పేజీల మీదే రంగులు వేయాలట, కాగితం ముక్కలు అంటించాలట, మనసులో ఉన్నది గీయాలట. దానికి విజువల్ జర్నల్ అని పేరు. "గీ వయసు పిల్లలు నోటితోని చెప్పరంట. గిట్ల గీస్తే మనసుల ఉన్నది బయటికొస్తదంట" అని అన్న నాకు వివరించాడు. ఇంకెవరికీ కాదు, నాకే వివరించాడు.

ఒళ్లు మండింది. అయినా సరే తెస్తానన్నాను. నేను మాన్విలో తాలూకా ఆఫీసులో పనిచేస్తాను. పొద్దస్తమానం కాగితాల మధ్యే ఉంటాను. ఇన్నేళ్లలో ఆ కాగితాల మీద నేను గీసింది నా సంతకం ఒక్కటే.

మా చిన్నప్పుడు మేం దేవసూగూరు దగ్గర కరెంటు కాలనీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాయినకు అక్కడే ఉద్యోగం. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, బజార్లో ఉర్దూ. చిమ్నీల బూడిద గాలికి వచ్చి ఆరేసిన బట్టల మీద, పెరుగు గిన్నె మూత మీద, ఆఖరికి దేవుడి గూట్లో దీపం మీద కూడా పడేది. అమ్మ తిట్టుకుంటూ తుడిచేది. నేను మాత్రం కిటికీ గట్టు మీది బూడిదను సీసా మూతలోకి ఎత్తిపెట్టుకునేదాన్ని. దాన్ని తుమ్మ జిగురుతో కలిపితే వచ్చే రంగు ఏ డబ్బాలోనూ దొరకదు.

గీయడానికి కాగితం ఎవరిస్తారు? బళ్లో నోట్సులు బడికే చాలవు. బస్టాండు దగ్గర గుజరీ అంగడికి పాత పేపర్లు మోసుకెళ్లినప్పుడు, తక్కెడ పక్కన అట్ట ఊడిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి కనిపించింది. కరెంటు కేంద్రంలో పనికిరాదని అమ్మేసిన బాయిలర్ పుస్తకం. కాగితం దళసరిగా ఉంది. మధ్యమధ్య పేజీ నిండా చక్రాలు, గొట్టాలు, గుండ్రటి బొమ్మలు. మా పేపర్లకు బదులు అదివ్వమని అంగడాయన ప్రాణం తీసి తెచ్చుకున్నాను.

ఎవరూ నేర్పలేదు. ప్రతి నాలుగు పేజీలకు ఒకటి చింపేస్తే అంటించడానికి చోటు దొరుకుతుందని నాకు నేనే కనిపెట్టుకున్నాను. ఇంగ్లీషు అక్షరాల మీద పల్చగా బూడిద రంగు పూసి, నచ్చిన మాట ఒక్కటి వదిలేసేదాన్ని. అర్థం తెలిసి కాదు, దాని ఆకారం నచ్చి. పసుపు, నీలిమందు, పెళ్లి పత్రికల మీది బంగారు కాగితం, అగ్గిపెట్టెల బొమ్మలు, అన్నీ అందులోకే వెళ్లాయి. మధ్యాహ్నం నేల మీద కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకున్న అమ్మ. దండెం మీద నల్లబడిన నా తెల్ల ఓణీ. నాయినతో దెబ్బలు తిన్న రోజున ఏమీ గీయకుండా పేజీ మొత్తం నల్లగా పూశాను. రెండేళ్లకు ఆ పుస్తకం ఉబ్బిపోయి, లంగా నాడాతో కడితే గాని మూతపడేది కాదు.

దాన్ని దాచడం మాత్రం నరకం. రెండు గదుల ఇల్లు. అన్న నా సంచీ వెతికి నలుగురిలో నవ్వేవాడు. నాయిన కంట్లో పడితే మళ్లీ గుజరీకే. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. పాత క్యాలెండర్ లోంచి లక్ష్మీదేవి బొమ్మ కత్తిరించి, పుస్తకం పైన నిండుగా అంటించాను. మా ఇంట్లో దేవుడి బొమ్మ ఉన్న కాగితాన్ని చింపరు, తొక్కరు, అమ్మరు. కాలు తగిలితే కళ్లకద్దుకుంటారు. లక్ష్మిని అంటించిన నాటి నుంచి అన్న కూడా దాని జోలికి రాలేదు. నా అంత తెలివైనది లేదనుకున్నాను.

పదో తరగతిలో డ్రాయింగ్ మాస్టారు ఒకరోజు ఆ పుస్తకం చూశాడు. కన్నడ ఆయన, ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మొదటి నుంచి చివరి దాకా తిప్పాడు, మళ్లీ మొదటి నుంచి తిప్పాడు. పరీక్షలయ్యాక చిత్రకళ కాలేజీలో చేర్చుకునేందుకు పిల్లల్ని పిలుస్తారని, చేతిపని ఏదైనా చూపించాలని చెప్పి, "ఇదన్నే తోర్సు" అన్నాడు. ఇదే చూపించు అని. సాయంత్రం మా క్వార్టర్‌కు వచ్చి నాయినతో కూడా మాట్లాడాడు. మాస్టారు ఇంటికొచ్చి అడిగేసరికి నాయినకు కాదనబుద్ధి కాలేదు. "పోయి సూపెట్టని సార్, సీటొస్తె సూద్దాం" అన్నాడు. మా నాయిన నోటి నుంచి ఆ మాత్రం రావడమే గొప్ప. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

కాలేజీకి వెళ్లాల్సిన వారంలోనే అమావాస్య వచ్చింది.

మా అమ్మకు ఒక గోనెసంచి ఉండేది. పగిలిన దేవుడి పటాలు, పాత పంచాంగాలు, చిరిగిన స్తోత్రాల పుస్తకాలు, దేవుడున్న పెళ్లి పత్రికలు, అన్నీ అందులో వేసేది. చెత్తలో పారెయ్యకూడదు కదా. సంచి నిండాక అమావాస్య నాడు సూగూరేశ్వరుడి దర్శనం చేసుకుని, కృష్ణలో కలిపి వచ్చేది. ఆ రోజు నేను బళ్లో మార్కుల కార్డు తెచ్చుకోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ట్రంకు పెట్టె వెనక పుస్తకం లేదు. ఖాళీ గోనెసంచి మాత్రం తడిగా దండెం మీద వేలాడుతోంది.

"గా లక్ష్మీదేవి పుస్తకమా? పాతగైంది గద, గంగల కలిపిన" అంది అమ్మ, బియ్యం ఏరుతూ. తల కూడా ఎత్తలేదు. తెరిచి చూశావా అని అడిగాను. "లే, సూడలే" అంది.

ఏటి ఒడ్డుకు పరుగెత్తాను. రాళ్ల మధ్య ఎవరివో తడిసిన పటాల చెక్కలు ఉన్నాయి, నాది లేదు. ఇంటికొచ్చి నేల మీద పడి ఏడ్చాను. నాయిన డ్యూటీ నుంచి వచ్చి విషయం విన్నాడు. కోపం కూడా రాలేదు ఆయనకు. "దేవుడే వద్దన్నడు అనుకో. పీయూసీల చేరు" అన్నాడు. ఆయన నోట ఆ మాట అంత తేలికగా వచ్చింది. ఉత్త చేతులతో కాలేజీకి వెళ్లి ఏం చూపించను? వెళ్లలేదు. మాస్టారు మళ్లీ కబురు చేస్తే ఇంట్లో లేనని చెప్పించాను. పీయూసీ చదివాను, డిగ్రీ చదివాను, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు.

నాయిన మీద కోపం ఆయనతోనే పోయింది. అమ్మ మీదది పోలేదు. నదిలో వేసిందని కాదు. ఇంట్లో రెండేళ్లు బొమ్మలు గీసిన కూతురి పుస్తకాన్ని పారేసే ముందు ఒక్కసారి తెరిచి చూడాలని కూడా అనిపించలేదే, అదీ నా బాధ. పండక్కి చీర పెట్టినా, జ్వరానికి మందులు తెచ్చినా, ఆ కోపం నా పక్కనే నిలబడి చూస్తూ ఉండేది.

ఆదివారం పుస్తకం పట్టుకుని అన్న ఇంటికి వెళ్లాను. అమ్మ అక్కడే ఉంటోంది. మేనకోడలు అప్పటికే కిందంతా రంగులు పరుచుకుని కూర్చుంది. కొత్త బ్రష్షులు, కొత్త జిగురు, కత్తిరించడానికి కొత్త పత్రికలు. అన్న పక్కన కూర్చుని ఫోటోలు తీస్తున్నాడు. ఒకప్పుడు నా సంచీ వెతికి నవ్విన అన్న. నేను పుస్తకం ఇచ్చాను. పిల్ల మొదటి పేజీ మీద రంగు పూయబోయింది.

"ఏం పుస్తకమే అది? దేవునిదా?" అని మంచం మీద నుంచి అమ్మ అడిగింది.

"కాదు అవ్వా, పాత కథల పుస్తకం."

"అయితె గియ్యి. దేవుని పుస్తకం మీద మాత్రం గియ్యొద్దు బిడ్డా. మీ అత్త అట్లనే గీసింది, చిన్నప్పుడు."

నేను అమ్మ వైపు తిరిగాను. "నేను దేవుడి పుస్తకం మీద గీశానా?"

"ఊకో, ఇప్పుడెందుకది. అయిపాయె గద." అమ్మ గొంతు తగ్గించింది. "నేను ఎవ్వరికి చెప్పలే. మీ నాయినకు గూడ చెప్పలే."

"తెరిచి చూడలేదన్నావ్ కదమ్మా."

"సూసిన. పుట పుట సూసిన. మంచిగ గీసినవ్. కని సక్రాలుండె గద దాంట్ల, పూజల పెట్టేటి సక్రాలు. దేవుడుండాల్సిన కాడ నా మొకం గీసినవ్. నాకు పానం దడదడలాడింది. నీకు పాపం తగుల్తదని ఏట్ల కలిపి, నీ పేరు మీద దండం పెట్టి, తప్పైంది తల్లీ అని చెప్పుకున్న. నిన్ను ఒక్క మాటన్న అంటినా?"

అనలేదు. ఒక్క మాట కూడా అనలేదు. అమ్మకు చదువు రాదు. ఇంగ్లీషు అయినా సంస్కృతం అయినా ఆమెకు ఒకటే. ఆమె దేవుడి చక్రం అనుకున్నది టర్బైన్ చక్రం. దాని ఆకుల మధ్య ఖాళీ గుండ్రంగా ఉంటే, అక్కడ ఎవరి ముఖం గీయాలా అని ఆలోచించి అమ్మది గీశాను. ఆ పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన పేజీ అదే. ఈమెను క్షమించాలా వద్దా అని నేను ఇన్నేళ్లు కొట్టుకుంటుంటే, ఆమె నన్ను ఆ అమావాస్య నాడే క్షమించేసి హాయిగా ఉంది.

"అమ్మా, అది బాయిలర్ పుస్తకం. నాయిన వాళ్ల ఆఫీసుది. గుజరీలో తెచ్చుకున్నాను."

అన్న ఫోను కిందపెట్టాడు. అమ్మ మంచం అంచుకు జరిగింది. నమ్మలేదో, నమ్మడం చేతకాలేదో తెలియదు.

"మరి లక్ష్మీదేవి ఉండె గద దాని మీద," అంది.

"నేనే అంటించిన."

"ఎందుకు?"

"ఎవ్వరు పారెయ్యకుండ."