దేవసహాయం గారు నేర్పనన్న లారీ

నిన్న మధ్యాహ్నం మా ఆవిడ తలనొప్పిగా ఉందని నుదుటికి బామ్ రాసుకుంది. ఆ ఘాటు ముక్కుకి తగలగానే తినడం ఆపేశాను. కంచం పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వరండాలోకి వెళ్లాను. "నొప్పి నాకైతే కన్నీళ్లు నీకా?" అని ఎగతాళి చేసింది. ఆ వాసన వస్తే నాకు గుర్తొచ్చేది దేవసహాయం గారు. బెజవాడ పటమటలో మా పక్కిల్లే. జీవితమంతా లారీ నడిపిన మనిషి. తలనొప్పి అంటే ఏమిటో ఎరగరు గానీ చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న బామ్ డబ్బా ఉండేది. నిద్ర ముంచుకొచ్చినప్పుడు కింది రెప్పకి కాస్త రాసుకుంటే కళ్లు మండి, నీళ్లు కారి, నిద్ర పారిపోతుంది. ఆయనకి స్టీరింగ్ నేర్పిన గురువు నేర్పిన విద్య అది.

పామర్రు దగ్గర నేను గుమాస్తాగా చేసే బియ్యం మిల్లు మూతపడ్డాక, ఇక లారీ డ్రైవరునే అవుదామనుకున్నాను. కారు లైసెన్సు అప్పటికే ఉంది. లారీ నేర్చుకోవడానికి రెండు దారులు కనిపించాయి. ఒకటి అందరూ వెళ్లే దారి: చేయి తిరిగిన డ్రైవరు దగ్గర క్లీనరుగా చేరి, టైర్లు తట్టి, అద్దాలు తుడిచి, ఆయన మనసు కరిగి ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ ఇచ్చినప్పుడల్లా కాస్త కాస్త నేర్చుకోవడం. రెండోది ఊరి బయట పెట్టిన శిక్షణ కేంద్రం. అక్కడే హాస్టల్లో ఉండి నేర్చుకోవాలి. లారీల వాళ్లంతా ఉండే ఆటోనగర్లో దాని పేరెత్తితే నవ్వేవాళ్లు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పుతారట అనేవాళ్లు. నేనూ నవ్వాను. పెరట్లో చెట్టు మందుకి పనికిరాదంటారు గానీ, పక్కింట్లో అంత డ్రైవరుండగా నాకు బడి ఎందుకనుకున్నాను.

ఒక ఆదివారం ఆయన చర్చి నుంచి రాగానే వెళ్లి అడిగాను.

"నన్ను మీ బండి మీద పెట్టుకోండి బాబాయ్ గారూ. ఏ పని చెప్పినా చేస్తాను."

"పెట్టుకోను."

"నేనేం తప్పు చేశానండీ?"

"నువ్వేం చెయ్యలేదు. ఊరి బయట ఆ డ్రైవింగు బడిలో చేరు. నా దగ్గర మాత్రం వద్దు."

ఆయన భార్య మరియమ్మ గారు టీ గ్లాసు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. గోడ మీద వాళ్ల ఒక్కగానొక్క కొడుకు ప్రసాద్ ఫోటో ఉంది. తండ్రి దగ్గరే లారీ నేర్చుకున్నాడు. ఒకరోజు అతను నడుపుతున్న బండి రోడ్డు పక్కకి దూసుకుపోయి బోల్తా పడింది. పక్క సీట్లో ఉన్న తండ్రి కాలు విరిగి బతికారు. అతను పోయాడు. అందుకే ఈయనకి భయం అనుకున్నాను. భయమైతే మరి తాను ఇంకా ఎందుకు నడుపుతున్నట్టు అని లోపల కోపం కూడా వచ్చింది. ఆ కోపంతోనే శిక్షణ కేంద్రంలో చేరాను.

మొదట్లో అక్కడ లారీని దూరం నుంచి చూడటమే. అన్నిటికీ పాఠాలే. విసుగెత్తి ఆయనకి ఫోన్ చేశాను.

"నిద్రకి కూడా పాఠమే బాబాయ్ గారూ! పాటలు పెట్టుకున్నా, టీ తాగినా, మీలాగా బామ్ రాసుకున్నా నిద్ర ఆగదట. బండి ఆపి పడుకోవడం ఒక్కటే మందట."

ఆయన నవ్వుతారనుకున్నాను.

"ఇంకా ఏం చెప్పారు?" అని మాత్రం అడిగారు.

కోర్సు అయి, హెవీ లైసెన్సు చేతికొచ్చి, ఆటోనగర్లో ఒక ఓనరు దగ్గర పని దొరికేసరికి ఆయన మోకాళ్లు పట్టేసి బండి మానేశారు. నా మొదటి లోడుకి తోడు రమ్మని బతిమాలి తీసుకెళ్లాను. పామర్రు వైపు ఒక మిల్లులో తెల్లవారుజాము నుంచి బియ్యం బస్తాలు ఎక్కించుకుని, భోంచేసి బెజవాడ బయల్దేరాం. దారిలో ఉయ్యూరు దాటాక ఎండకి నా కళ్లు మూతలు పడసాగాయి. ఆయన గమనించి, అలవాటు కొద్దీ జేబులోంచి డబ్బా తీసి మూత తిప్పారు.

"వద్దు బాబాయ్ గారూ. కాసేపు ఆపుకుని పడుకుంటాను."

కాలవ పక్కన నీడ చూసి బండి ఆపాను. స్టీరింగ్ మీద తల పెట్టి పడుకున్నాను. లేచేసరికి పక్క సీట్లో ఆయన లేరు. దిగి చూస్తే కాలవ గట్టు మీద కూర్చుని, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"మావాడూ ఇలాగే అడిగాడ్రా శీనూ," అన్నారు. "నాన్నా, కళ్లు మూసుకుపోతున్నాయి, కాసేపు ఆపుదామా అన్నాడు. నేనే బామ్ రాశాను. బెజవాడ వచ్చేసిందిలే, పోనియ్ అన్నాను. మా గురువు నాకట్టాగే చెప్పేవాడు. నాకు తెలిసింది అదే. వాడికి అదే నేర్పాను."

కొంతసేపటికి లేచి తువ్వాలు దులుపుకున్నారు. "వాడు అడిగిన సంగతి మీ పిన్నికి తెలీదు. తెలిస్తే బతకదు," అన్నారు. వెళ్లి బండెక్కి కూర్చున్నారు.

కిందటేడు దేవసహాయం గారు పోయారు. సమాధి తోట నుంచి తిరిగొచ్చాక మరియమ్మ గారు నన్ను పక్కకి పిలిచింది.

"నీతో అన్నీ చెప్పుకునేవారు కదా నాయనా. మా ప్రసాదు పోయేముందు ఏమన్నా మాట్లాడాడా? నేను ఎన్నిసార్లు అడిగినా ఈయన తల తిప్పేసుకునేవారు."

"నాకేం చెప్పలేదు పిన్నీ," అన్నాను.

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. "పోన్లే, నిద్దట్లోనే పోయుంటాడు. నొప్పి తెలిసుండదు," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నిద్ర వస్తే నేను బండి ఆపుతాను. ఆలస్యమైందని ఓనరు తిడితే తిట్టించుకుంటాను. అది పెద్ద కష్టమేమీ కాదు. ఆదివారాలు మరియమ్మ గారు చర్చికి వెళ్తూ మా గుమ్మం దగ్గర ఆగి, పిల్లల్ని పలకరించి వెళ్తుంది. నేను ఎదురుగా నిలబడలేక ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోతాను. ఆవిడ కొడుకు ఆఖరిగా అన్న మాట ఈ లోకంలో ఇప్పుడు నాకొక్కడికే తెలుసు.