తలుపు కాన్నుంచి ఎనిమిదోది

బొంబాయి పక్కనున్న మా పద్మనగర్ల సప్పుడు లేని రోజు శుక్రవారం ఒక్కటే. ఆ రోజు కరెంటు కోత, కరెంటు మీద బట్ట నేసే సాంచాలన్నీ బంద్. మిగతా రోజులల్ల మా గోడలు, గిన్నెలు, నోట్లె పండ్లు అన్నీ సాంచాలతోటే అదురుతయి. నేను పెట్టుకున్న పనేమో పాటలు రికార్డు చేసుడు. సప్పుడు లేనప్పుడు కరెంటుండది, కరెంటున్నప్పుడు సప్పుడాగది. ఇసొంటి ఊర్ల ఇసొంటి పని పెట్టుకున్నోన్ని నన్నే చూడాలె.

అమ్మకు గొంతుల గడ్డ అయింది. శనివారం పొద్దుగాల దవఖానల భర్తీ చెయ్యుండ్రి, గొంతు మొత్తం తీసెయ్యాలె అన్నడు బొంబాయి డాక్టరు. అంటే ఇగ అమ్మ మాట్లాడది. నూలు కండెలు చుట్టుకుంట, బియ్యం ఏరుకుంట పాడిన మనిషి ఆమె. మా గల్లీల బతుకమ్మ ఆడితే మొదట గొంతెత్తేది ఆమెనే, తక్కిన ఆడోళ్లు అందుకునేది. నడుమ ఒక్క శుక్రవారం ఉన్నది. ఆ రోజు పట్టుకోకపోతే ఆమె గొంతు మాకు మళ్ల దొరకది.

ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడుస్తది గని, టీవీ అంత మానిటర్ బ్యాటరీని గుంజుకు తాగుతది. అందుకే మానిటర్ బంద్ చేసి, బొంబాయి లామింగ్టన్ రోడ్డుల సెకండ్ హ్యాండ్ల కొన్న కంట్రోల్ పెట్టె మీదనే పని నడపాలనుకున్న. దానికి గొంతు పెంచి తగ్గించే ఫేడర్లు ఎనిమిది వరుసగ ఉంటయి, ఒక్కోదాని నెత్తిన ఒక చిన్న డిస్‌ప్లే, కింద రికార్డు బటను. ఏ ఫేడర్ల ఎవరి గొంతున్నదో ఆ డిస్‌ప్లేనే చెప్పాలె. వారమంతా దానితోటి కుస్తీ పట్టిన. ఫేడర్ జరిపితే కంప్యూటర్ల గీత జరుగుతుండె, డిస్‌ప్లేలు మాత్రం నల్లగనే ఉండె. దాన్ని తిట్టిన, నన్ను నేను తిట్టుకున్న, అన్నం పెట్టనొచ్చినోళ్లను గూడ తిట్టిన. గురువారం సంగతి తెలిసింది. సెట్టింగులల్ల పెట్టె నుంచి కంప్యూటర్‌కు పోయే దారి చూపించిన గని, కంప్యూటర్ నుంచి పెట్టెకు తిరిగొచ్చే దారి ఖాళీ ఉన్నది. అది నింపంగనే పేర్లు ఎలిగినయి. చెయ్యి పొరపాటున తగలొద్దని అమ్మను మొదటిదాంట్ల, అందుకునేటోళ్లను చివరిదాంట్ల పెట్టిన. డిస్కుల జాగ తక్కువ, అందుకే కొత్త రికార్డు పాతదాన్ని తుడిచేటట్టు ఉంచిన.

శుక్రవారం చిన్నమ్మ, ఇంకో నలుగురు ఆడోళ్లు వచ్చి లోపలి అర్రల కూసున్నరు. అమ్మ ముంగట ఒక మైకు, వాళ్ల ముంగట ఒక మైకు. అమ్మ తనంతట తాను కూసోలేదు, ఎనుక నుంచి నేను పట్టుకోవాలె. అందుకని బయటి అర్రల పెట్టె కాడ మా అన్నను కూసోబెట్టిన. అన్న ఖార్ఖానల సాంచాలు నడుపుతడు.

"పేరు సూసి ఒత్తు అన్నా, అంతే" అన్న.

అమ్మ పాడింది. ఆమె వీపు నా ఛాతికి ఆనుకొని ఉంటే పాట నా బొక్కలల్ల వినవడ్డది. అయిపోయేసరికి గొంతుల గాలి తప్ప ఏం మిగలలేదు. నాకు ఏడుపచ్చింది. దొరికింది, ఇగ భయం లేదు అనుకున్న.

చిన్నమ్మ మొండికేసింది. "నడుమ నాకు దగ్గచ్చిందిరా. అక్క పాట ఖరాబయితది, మేం మా వరకు ఇంకోసారి అందుకుంటం."

వద్దన్న. అమ్మేమో చెయ్యెత్తింది, నేను చూపిస్త, మీరు అందుకోండ్రి అన్నట్టు. గప్పుడే బ్యాటరీ తగ్గి ఇన్వర్టర్ గుయ్యిమన్నది. బయటకెల్లి అన్న పిలిచిండు. "పేర్లు పోయినయిరా, అన్నీ నల్లగయినయి."

మానిటర్ పెడితే బ్యాటరీ దిగిపోతది. అమ్మను ఇడిచిపెట్టి లేస్తే ఒరిగిపోతది. "చివరిదాని మీద ఒత్తే అన్నా" అని ఒర్రిన. ఒత్తిండు.

శనివారం కరెంటచ్చింది, సాంచాలు మొదలైనయి. గల్లీ మొగదల రిక్షా నిలబడ్డది. ఒక్కసారి విందామని మొదటిదాన్ని పెట్టిన. అమ్మ లేదు. అమ్మ చెయ్యెత్తినప్పటి గాజుల సప్పుడు, దూరంకెల్లి ఆడోళ్లు అందుకునుడు. అంతే. చివరిదాంట్ల ఎతికిన. ఆడోళ్ల గొంతుల ఎనుక అమ్మ గొంతు ఏదో ఉన్నదన్నట్టున్నది గని ఒక్క మాట తెల్వది.

"అన్నా, నిన్న చివరిదంటే ఏది ఒత్తినవ్?"

తలుపు దిక్కు నుంచి ఏలు పెట్టి లెక్కపెట్టిండు. "ఇగో, తలుపు కాన్నుంచి ఎనిమిదోది."

ఖార్ఖానల సాంచాలకు నంబర్లు తలుపు కాన్నుంచే. తలుపు పక్కది ఒకటి, లోపలి మూలది చివరిది. మా నాయిన గట్లనే లెక్కపెట్టిండు, అన్న గట్లనే లెక్కపెట్టిండు. నేనేమో ఎడమచేతి నుంచి లెక్కపెట్టిన, మా అర్రకు తలుపు కుడిచేతి దిక్కున్నది. ఆయన చివరిది నా మొదటిది.

"ఏందిరా, తప్పయిందా?"

పెట్టెను ఎత్తి నేలకు కొట్టాలనిపించింది. ఆయన నెత్తి మీద కొట్టాలని గూడ అనిపించింది, అబద్ధమెందుకు. ఆయన చేతిల అమ్మ బట్టల సంచి, నీళ్ల సీసా ఉన్నయి. "లేదు, మంచిగనే ఉన్నది" అన్న.

రిక్షా కాడికి ఉరికి, అప్పటికే అండ్ల కూసోబెట్టిన అమ్మ నోటి కాడ చెవి పెట్టిన. "ఒక్క మాట అనవే అమ్మా" అని బతిమాలిన. ఏదో అన్నది. రెండు దిక్కుల సాంచాలు ఆడుతున్నయి, నాకు వినవడలేదు.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చినంక, మెడకు గుడ్డ చుట్టుకొని అమ్మ పెట్టె దిక్కు చూపించింది, పాట పెట్టుమని. నేను ఎన్ని సాకులు చెప్పినా ఇనలేదు. అన్న గూడ వచ్చి పక్కకు కూసున్నడు. ఉన్నదే పెట్టిన. డిస్‌ప్లేలన్నీ మంచిగ ఎలుగుతున్నయి, మొదటిదాని మీద అమ్మ పేరున్నది. గాజులు మోగినయి, ఆడోళ్లు అందుకున్నరు. మళ్ల గాజులే.

"అమ్మ గొంతేదిరా?" అన్నడు అన్న. నా దిక్కు చూసిండు, డిస్‌ప్లే మీది పేరు చూసిండు, ఆ తర్వాత తలుపు దిక్కు చూసిండు.

అమ్మ ఒక చెయ్యి ఆయన మోకాలి మీద పెట్టింది. ఇంకో చెయ్యి ఎత్తింది. రికార్డుల ఆడోళ్లు అందుకున్నరు. పాట అయిపోయేదాక గట్లనే ఎత్తుకుంట పోయింది, ఒక్క కాడ గూడ తప్పలేదు.