కౌగిలికి తగలని ఒర

మా ఊళ్ళో ఏ ఇంటికైనా వెళ్ళి అలమరా కింది సొరుగు లాగండి, పనికిరాని పిస్టల్ ఒరలు కుప్పగా కనిపిస్తాయి. ఒకటి నడుం ఒరుస్తుంది. ఒకటి కూర్చుంటే పొట్టలో పొడుస్తుంది. ఇంకొకటి ఎంత వదులు చొక్కా వేసినా ఉబ్బెత్తుగా కనిపించి పరువు తీస్తుంది. పారేయడానికి మనసొప్పదు, పెట్టుకోవడానికి ఒళ్ళొప్పదు. ఆ కుప్పల్లో సగం మా నాన్న కుట్టినవీ, సగం నేను కుట్టినవీ. నా పేరు వెల్డా స్ట్రౌడ్. బ్రష్ ఫోర్క్ అనే ఈ కొండ ఊళ్ళో తోలుపని కొట్టు నాది. గుర్రపు జీనులు కుట్టే కాలం మా నాన్నతోనే పోయింది. ఇప్పుడు నాకు తిండి పెట్టేవి బెల్టులు, కుక్కల పట్టీలు, బట్టల చాటున పెట్టుకునే ఈ ఒరలు.

ఒర కుట్టడం ఒక ఎత్తు, అది పొద్దుటినుంచి సాయంత్రం దాకా మనిషి ఒంటిమీద ఎలా ఉంటుందో తెలుసుకోవడం ఒక ఎత్తు. ఆ రెండోది నావల్ల కాదు. నేను పిస్టల్ పెట్టుకోను. నా నోరు చాలు, దొంగలు దరిదాపులకు రారు. అందుకే ప్రతి కొత్త రకం ఒరనూ ముందు డోయిల్ వికరీకి ఇచ్చేదాన్ని. అతను కొన్నాళ్ళు పెట్టుకు తిరిగి, ఒక మంగళవారం వచ్చి ఉన్నదున్నట్టు చెప్పేవాడు.

డోయిల్ మా కొండల్లోని ఇళ్ళకు గ్యాసు నింపే లారీ నడిపి, మోకాళ్ళు అరిగాక మానేశాడు. పొడుగ్గా, ఎండిన మొక్కజొన్న కాడలా ఉంటాడు. లారీ నడిపే రోజుల్లో ఒకసారి మట్టిరోడ్డు చివర ఇద్దరు తాగుబోతులు అడ్డగించి అతన్ని చితకబాది పోయారు. అరిచినా వినడానికి పిట్ట కూడా లేని చోటు. ఆ మర్నాటినుంచి అతని కుడి నడుం మీద పిస్టల్ ఉంది. భోజనానికి కూర్చున్నా ఉంది, చేపలకు వెళ్ళినా ఉంది, ప్రార్థనలో మోకరిల్లినా ఉంది.

తీర్పు చెప్పడంలో అతనికి మొహమాటం లేదు. కొట్లోకి వచ్చి, టోపీ తీసి, మొదలుపెట్టేవాడు.

"మిస్ వెల్డా, ఇది సీటు బెల్టుతో పోట్లాడుతోంది. బండి ఎక్కిన ప్రతిసారీ ఇద్దరికీ సర్దిచెప్పలేక చస్తున్నా."

"సరే, కాస్త ముందుకు వాలుస్తా. ఇంకా?"

"పిల్లికి తిండి పెడదామని వంగితే పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. పై అరలో కాఫీ డబ్బా అందుకుంటే చొక్కా లేచి బాగోతమంతా బయటపడుతోంది."

"కాఫీ డబ్బా కింద పెట్టుకోవయ్యా మహానుభావా!"

"అక్కడ పెట్టింది ఇమోజీన్," అనేవాడు. ఆ పైన నేను నోరెత్తేదాన్ని కాదు.

ఇమోజీన్ అతని భార్య. పోయి రెండేళ్ళు దాటింది. ఒర గురించి చెప్పవలసింది నాలుగు ముక్కలైతే, డోయిల్ కూర్చునేది పూటంతా. నేను తోలు తడిపి అచ్చు మీద నొక్కుతుంటే చూస్తూ, మధ్యమధ్య వాతావరణం గురించి ఒక మాట అంటూ, లేవడానికి రెండు మూడుసార్లు టోపీ చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టేవాడు. ఇంటికి వెళ్తే మాట్లాడేదెవరు? ఆ పిల్లి కూడా ఇమోజీన్ పిల్లే. అతన్ని చూస్తే మంచం కిందికి దూరుతుంది.

మా చర్చిలో ఒక ఆచారం ఉంది. పాట అయ్యాక అందరూ లేచి ఒకరినొకరు కౌగిలించుకోవాలి. ఆ తమాషా చూడాలి మీరు. మా మగవాళ్ళలో సగానికి పైగా చొక్కా కింద ఏదో ఒకటి ఉంటుంది. అవతలివాడి చెయ్యి దానికి తగలకూడదని కుడి మోచెయ్యి నడుముకు నొక్కిపెట్టి, ఎడమ చెయ్యి ఒక్కటే చాచి, పక్కవాటుగా వస్తారు. అలాంటివాళ్ళిద్దరు ఎదురుపడితే రెండు పీతలు పలకరించుకున్నట్టే. అయినా మిగతావాళ్ళు ఎలాగో ఒకలా నెట్టుకొస్తారు. డోయిల్‌కి మాత్రం ఆ జంకు ఒళ్ళంతా పాకింది. ఎవరైనా చేతులు చాస్తే చాలు, కొయ్యబారిపోయి ఒక అడుగు వెనక్కి వేస్తాడు. జనం కొన్నాళ్ళు చూశారు. తర్వాత, పాపం ఈయనకి ఇష్టముండదు కాబోలని, చెయ్యి ఊపి ఊరుకోవడం మొదలుపెట్టారు. ఇమోజీన్ ఒక్కతే ఆ కిటుకు తెలిసిన మనిషి. ఎప్పుడూ ఎడమవైపు నుంచే వచ్చి అతని చంక కింద దూరేది. ఆవిడ పోయాక ఆ ఎడమవైపుకి వచ్చినవాళ్ళు లేరు.

అంత్యక్రియల రోజున నేను వాళ్ళ వెనకే నిలబడి ఉన్నాను. కూతురు రొవీనా కాన్సస్ సిటీ నుంచి వచ్చింది. పెట్టెను గోతిలోకి దించగానే ఏడుస్తూ వెళ్ళి తండ్రిని వాటేసుకుంది. దాని ముంజెయ్యి ఇనుముకు కొట్టుకున్న చప్పుడు నాక్కూడా వినిపించింది. కాలింది తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది పిల్ల.

"ఇవాళ కూడానా డాడీ? అమ్మ దగ్గరకు కూడానా?"

ఆ పిల్ల వెళ్ళి చెట్టు కింద ఒంటరిగా నిలబడింది. తర్వాత పండక్కి ఒక ఫోను, పుట్టినరోజుకి ఒక ఫోను. అంతే.

పోయిన వసంతంలో ఒక మంగళవారం అతను వచ్చినప్పుడు ముఖంలో ఎప్పుడూ లేని వెలుగు ఉంది. టోపీ తీయడం కూడా మరిచిపోయాడు.

"రొవీనా వస్తోంది, మిస్ వెల్డా! వచ్చే నెల, ఆదివారం. తన చంటిపాపను తీసుకుని."

"అబ్బ, ఎంత చల్లని మాట చెప్పావయ్యా!"

"ఒక్కటే మాట అడిగింది. పాప ఉన్నచోట అది నా ఒంటిమీద ఉండకూడదట."

"నువ్వేమన్నావు?"

"సరేనన్నా."

"మంచి పని చేశావు. ఆ పూటకి తీసి బీరువాలో పెట్టి తాళం వెయ్యి."

అతను నా బల్లమీది తోలు ముక్క తీసుకుని వేళ్ళతో వంచుతూ కూర్చున్నాడు. "అమ్మాయికి తెలియకపోతే చాలు కదా," అన్నాడు చివరికి. "వాటేసుకున్నా చేతికి తగలనిది ఒకటి కుట్టిపెట్టు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ మొండితనం తగలెయ్య! కన్నకూతురికి మాటిచ్చి, దాన్ని మోసం చెయ్యడానికి నా చేత కుట్టిస్తావా? ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు డోయిల్. కూతురో, అదో, తేల్చుకో!"

"తీసి చూశాను," అన్నాడు మెల్లగా. "నిజంగా. మొన్న దాణా కొట్టుకి ఉత్తి నడుంతో బయల్దేరా. ప్యాంటు జారిపోతున్నట్టు, రోడ్డు మీద ప్రతివాడూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. వంతెన దాటకముందే బండి వెనక్కి తిప్పేశా. ఇమోజీన్ ఉండగా ఇంత లేదు. ఇప్పుడు ఆ ఇంట్లో నేను లేస్తే లేచేది, నేను కూర్చుంటే కూర్చునేది అదొక్కటే, వెల్డా."

అప్పటిదాకా అతను నన్ను మిస్ అనకుండా ఎన్నడూ పిలవలేదు. కత్తెర కోసం వెతుకుతున్నట్టు నటించాను.

కుట్టనని పంపేస్తే ఇంకెక్కడో కొనుక్కుంటాడు, అది నాకు తెలుసు. అతను రాని మంగళవారం ఈ కొట్లో ఎలా ఉంటుందో అదీ తెలుసు. కుట్టాను. తోలు పల్చగా చెక్కాను. బెల్టు పట్టీని బల్లపరుపుగా చేశాను. పిడి లోపలికి ఒదిగేటట్టు వాలు మార్చాను. పక్కనుంచి తీసి పొత్తికడుపు కిందికి దించాను.

చొక్కా మీద కనబడుతుందో లేదో అద్దం చెబుతుంది. చేతికి తెలుస్తుందో లేదో చెయ్యే చెప్పాలి. డోయిల్ గొంతు సవరించుకుని, గోడమీది జీను వైపు చూస్తూ అన్నాడు: "రొవీనా దాదాపు నీ ఎత్తే ఉంటుంది."

"అయితే?"

"ఒకసారి నువ్వు నన్ను... పరీక్షకే."

"ఓరి దేవుడా! ఈ వయసులో నాకిదొక పనా?" అని నవ్వాను. అతను నవ్వలేదు. పిస్టల్‌లోంచి గుళ్ళు తీసి బల్లమీద పెట్టాడు. నా కొట్లో అది కట్టుబాటు. తర్వాత వచ్చి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. నేనే వెళ్ళి వాటేసుకున్నాను. మనిషి కాదు, పలక. ఊపిరి కూడా బిగబట్టేశాడు. ఇంత పెద్దమనిషి కౌగిలించుకోవడమే మరిచిపోయాడని తెలిసి నాకు గుండె తరుక్కుపోయింది.

"తెలిసిందా?" అని అడిగాడు.

"మోచేతికి తగిలింది."

మళ్ళీ చెక్కాను, మళ్ళీ వాల్చాను. వారం వారం అదే పరీక్ష, అదే ప్రశ్న. కొత్తచోట అది అతనికి సుఖంగా లేదని కుర్చీలో కూర్చునే తీరు చూస్తేనే తెలుస్తోంది. తొడ దగ్గర ఒరుసుకుని ఎర్రగా పొక్కింది, బూటు లేసు కట్టుకోవడానికి వంగలేకపోతున్నాడు. ఇదే ఒర వేరేవాళ్ళ కోసం కుట్టి, పెట్టుకు చూడమని ఇచ్చుంటే తీసుకొచ్చి నా మొహాన కొట్టేవాడు. "ఒక్క రోజుకేగా, ఓర్చుకుంటా," అనేవాడు.

ఆదివారానికి ముందు మంగళవారం నాడు వాటేసుకుంటే నిజంగానే ఏమీ తగల్లేదు. మెత్తటి చొక్కా, దాని కింద మనిషి, అంతే. "తెలియలేదు," అన్నాను. ఆ మాట విన్నాక కూడా అతను కాసేపు చేతులు వదలడం మరిచిపోయాడు. నేనూ గుర్తుచేయలేదు.

ఆ ఆదివారం డోయిల్ చర్చికి రాలేదు. నేను పాట పాడుతున్నానన్నమాటే గాని మనసంతా అతని వాకిట్లోనే ఉంది. దేవుడా, ఆ పిల్ల చేతికి తగలనీయకు అని ఒకసారి, తగలనీ, పీడా పోతుంది అని ఒకసారి అనుకున్నాను.

మంగళవారం తలుపు తీస్తూనే అరిచాడు: "గెలిచాం, మిస్ వెల్డా!"

"ముందు కూర్చో. నడుం పట్టేసినట్టు నడుస్తున్నావు."

కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. "కారు దిగుతూనే వచ్చి వాటేసుకుంది. గట్టిగా. ఎంతసేపో. దాని కుడి ముంజెయ్యి సరిగ్గా బెల్టుకి బెత్తెడు పైన ఆగింది. ఎడమ చెయ్యి వెనకనుంచి వచ్చి భుజం మీదికి పోయింది. పొట్ట దగ్గర కాస్త ఆనింది గాని నీ తోలు ఒదిగిపోయింది. ఏమీ తెలియలేదు అమ్మాయికి. నీ చేతులకు దండం పెట్టాలి."

"పాప ఎలా ఉంది?"

"బొద్దుగా ఉంది. గడ్డం అచ్చం ఇమోజీన్‌దే."

"ఎత్తుకున్నావా?"

టోపీ తీసి దాని అంచు తడుముతూ నిలబడ్డాడు. "ఇవ్వబోయింది. పాప కాళ్ళు ఒకటే ఆడిస్తోంది. ఎక్కడ తంతుందో, ఎక్కడ బయటపడుతుందోనని... నడుం నొప్పి, వద్దులే అన్నాను."

"రొవీనా ఏమంది?"

"డాక్టరుకి చూపించుకో డాడీ అంది. నేను చేసిన బీన్సు కాస్త తింది, మొక్కజొన్న రొట్టె బాగుందంది. పొద్దుండగానే బయల్దేరారు."

"మళ్ళీ ఎప్పుడొస్తానంది?"

"చెప్పలేదు."

అడగకూడదనుకున్నాను, ఉండబట్టలేక అడిగాను. "అంతసేపు వాటేసుకుందన్నావు. ఏడ్చిందా?"

"ఏడ్చిందనుకుంటా," అన్నాడు. "కారు వెళ్ళిపోయాక చూసుకుంటే భుజం మీద చొక్కా తడిసి ఉంది."

"ఏమైనా అందా మరి?"

డోయిల్ ముఖంలో గెలుపు కొంచెం కొంచెంగా కరిగిపోతుంటే చూడలేక నేను తల దించుకున్నాను.

"అంది," అన్నాడు. "నా చెవి దగ్గర ఏదో అంది, వెల్డా. నేను వినలేదు. దాని మోచెయ్యి ఎక్కడుందో చూసుకుంటున్నాను."