సున్నపు కొంగ

కిందటి కార్తీకంలో ఒకరోజు కొత్తపేట నుంచి మా ఊరికి ఆటోలో వెళుతూ, కాలవ వంతెన దగ్గర కట్టిన ఫ్లెక్సీ చూసి ఆటో ఆపించాను. ఏటా ఆ నెల ఆఖరి ఆదివారం మా ఊళ్ళో జరిగే కొబ్బరి వలుపు పందెం ఫ్లెక్సీ అది. ఊరి పెద్దల ఫొటోలు, కుర్రాళ్ళ ఫొటోలు అన్నీ యథాప్రకారం ఉన్నాయిగాని, నడిమధ్యన కొంగ బొమ్మ ఉండవలసిన చోట తెల్ల కాగితం అంటించి ఉంది. ఎవరో చనిపోయిన ఇంట్లో అద్దానికి గుడ్డ కప్పినట్టు అనిపించింది నాకు.

నా ఈడు వాళ్ళకి ఆ కొంగ గుర్తుండే ఉంటుంది. ఆకుపచ్చ రేకు డబ్బా, దాని మీద ఒంటికాలి మీద నిలబడిన తెల్లకొంగ, కింద మా ఇంటిపేరు. గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఆ కొబ్బరినూనె రాసుకోని తల ఉండేది కాదని మా వాళ్ళు చెప్పుకునేవారు. మిల్లు మా తాతగారు పెట్టారు, నాన్నగారు పోగొట్టారు. నేను డిగ్రీ కాగానే మిల్లులో రెండేళ్ళు పనిచేసి, అది చేతులు మారాక తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు కొత్తపేటలో రెండు గదుల వాటాలో అద్దెకుంటున్నాను. ఇది బాధపడుతూ రాయడం లేదు. ఇస్త్రీ లేని లాల్చీతో నేను ఒక్కనాడూ గడప దాటలేదు, ఒకరి ముందు చేయి చాచలేదు.

అసలు ఆ కొంగ ఎక్కడిదో చెప్పాలి. ఆ రోజుల్లో వలుపువాళ్ళు ముఠాలుగా తోటలకి వచ్చేవారు. నేలలో గునపం పాతి, దాని మొన మీద కాయని ఒక్క పోటు పొడిచి, రెండు తిప్పుల్లో పై పీచు డొక్క విడదీసేవారు. సాయంత్రానికి వలిచిన కాయలన్నీ రాశి పోసేవారు. మా ఊరి ముఠాకి ఒక మేస్త్రీ ఉండేవాడు. ఆయన కొబ్బరి పీచు కుంచె సున్నంలో ముంచి, రాశి మీద మూడే మూడు గీతలు గీసేవాడు: వీపూ మెడా కలిపి ఒకటి, ముక్కు ఒకటి, కాలు ఒకటి. దూరం నుంచి చూస్తే కొంగ నిలబడినట్టే ఉండేది. అది సింగారానికి గీసింది కాదు. ఆ రాశిలోంచి ఒక్క కాయ లాగినా గీత తెగి, కొంగ కాలు విరిగినట్టు తెలిసిపోయేది. కొంగ చెదరని రాశిలో దొంగతనం లేదు, కుళ్ళు కాయ లేదు అని షావుకార్లు లెక్కపెట్టకుండానే ఎత్తించుకునేవారట. పందెం కూడా ఆ ముఠాదే, మా మిల్లు కంటే పాతది. డప్పు మొదలైన దగ్గరనుంచి ఆగేదాకా ఎవరు ఎక్కువ కాయలు వలిస్తే వారి రాశి మీద మేస్త్రీ కొంగని గీసేవాడు. కప్పు లేదు, షీల్డు లేదు. ఆ కొంగే బహుమతి. నేటికీ అంతే.

మిల్లు పెట్టినప్పుడు తాతగారు ఆ గుర్తు మీద మనసుపడి, డబ్బా మీద వేసుకుంటానని మేస్త్రీని అడిగారు. వేసుకోమన్నాడు. బదులుగా ఆయన కోరింది ఒక్కటే. ఏడాదికి ఒకసారి, పందెం అయిన సాయంత్రం, ఆ ఇంటి పెద్ద స్వయంగా తన గుమ్మానికి నడిచి వచ్చి ఒక ధోవతి, ఒక కండువా పెట్టాలి. మా తాతగారు బండి దిగకుండానే ఊరంతా నమస్కారాలు అందుకునే మనిషి, ఆ ఒక్క సాయంత్రం మాత్రం చెప్పులు చేత పట్టుకుని ఆ బురద సందులో నడిచి వెళ్ళేవారు. ఎందుకని నా చిన్నప్పుడు అడిగితే ఆనవాయితీ అన్నారు తప్ప కారణం చెప్పలేదు. అది మామ్మగారు నాకు చాలా ఏళ్ళ తరవాత, తాతగారు పోయాక చెప్పింది. అప్పటికే మిల్లు క్యాలెండరు మీద వేరే కథ అచ్చయిపోయింది. తాతగారు శంకుస్థాపన చేస్తుంటే తెల్లకొంగ ఒకటి వచ్చి వాలిందని, అది శుభమని మార్కుగా పెట్టారని. నిజం తెలిశాక కూడా ఆ కథని నేను మిల్లుకి వచ్చిన పెద్దలకి ఎన్నిసార్లు చెప్పానో.

మిల్లు అమ్మిన రోజున దస్తావేజు చదివి వినిపించింది నేనే. నాన్నగారికి అప్పటికే చూపు మందగించింది. మిల్లు, యంత్రాలు, గోదాములు, కొంగ మార్కు అని చదివాను. కొంగ దగ్గర నా గొంతు ఆగలేదు. నాన్నగారు సంతకం పెట్టారు. ఆ ఏడు బట్టలు పెట్టడానికి మాత్రం ఆయనకి ముఖం చెల్లక నన్ను పంపారు. అప్పటికి ముసలివాడైపోయిన మేస్త్రీ, బట్టలు కళ్ళకద్దుకుని తీసుకుని అన్నాడు: "అమ్మేసేరంటగా బాబూ. పర్లేదండి. డబ్బా మీదది అమ్ముకోండి. రాశి మీదది మా సేతిలో ఉందిగా." ఆ తరవాత తోటలు పోయాయి, మేడ పోయింది, వెండి పోయింది గాని, ఆ ధోవతీ కండువా మాత్రం ఒక్క ఏడూ తప్పలేదు. ఇది నేను తల ఎత్తి చెప్పుకోగలను.

ఫ్లెక్సీ మీద కాగితం ఎందుకు అంటించారో మేస్త్రీ మనవడు చెప్పాడు. పదేళ్ళు మస్కట్‌లో పనిచేసి తిరిగొచ్చి, ఇప్పుడు పందెం జరిపించేది అతనే. మా మిల్లు కొన్న కంపెనీ ఇంకో పెద్ద కంపెనీలో కలిసింది. కిందటేడు పందెం వీడియో ఫోన్లలో తిరిగి వాళ్ళ కంట పడింది. కొంగ తమ రిజిస్టరు మార్కు అనీ, ఫ్లెక్సీల మీద, బనియన్ల మీద, ఆఖరికి కాయల రాశుల మీద కూడా వేయరాదనీ, వేస్తే దావా తప్పదనీ ఇంగ్లీషులో నోటీసు పంపారు. చదివి చెప్పమని అతను నాకు ఇచ్చాడు. రెండో పేజీలో, ఆ మార్కు తమకి ఎలా సంక్రమించిందో రాసిన చోట, మా నాన్నగారి పేరు ఉంది. ఆయన సంతకంతోనే కంపెనీవాళ్ళు ఊరి చేతిలోంచి కుంచె లాక్కుంటున్నారు.

"కొంగ లేకపోతే పందెం ఏటండీ బాబుగారూ?" అన్నాడతను. "కప్పు ఇత్తానంటే మావోళ్ళు ఎవడూ గునపం అట్టుకోడండి."

కంపెనీ తరఫున ఒక కుర్ర ఆఫీసరు, ఒక లాయరు గురువారం నాడు మాట్లాడడానికి వస్తున్నారని తెలిసింది. ముందురోజు మా హాల్లో గోడ మీది తాతగారి పటం దింపాను. మిల్లు శంకుస్థాపన నాటి ఫొటో అది, తాతగారు నిటారుగా నిలబడి ఉంటారు. మిల్లు కట్టక ముందుది, డబ్బా అనేదే లేని నాటిది. నా ఇరవయ్యో ఏట పాత చట్రం విరిగితే కొత్తది చిన్నదై, ఫొటోకి ఎడమవైపు మడత పెట్టించి పట్టించింది నేనే. మడత వెనకాల ఏముందో నాకు తెలుసు. తెలిసే పెట్టించాను.

గురువారం మేస్త్రీ మనవడి వాకిట్లో ఊరంతా చేరింది. లాయరు మర్యాదస్తుడే. దస్తావేజు నకలు చూపించి, "ఇది మీ నాన్నగారి సంతకమేనాండీ?" అని అడిగాడు. ఆయనదే అన్నాను. చదివి వినిపించింది నేనేనన్నాను. మాది కానిదాన్ని అమ్మామని కూడా అన్నాను. ఆ మాట అనడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది, కాని అన్నాక వెన్ను ఇంకాస్త నిటారైంది. కొంగ వాలిన కథ అబద్ధమని, తాతగారు అడిగి తీసుకున్నారని, ఏటా బట్టలు పెడుతున్నది అందుకేనని అందరి ముందూ చెప్పాను. చెప్పి, మిల్లు కట్టక ముందుదని చూపిస్తూ, పటంలోంచి తీసిన ఫొటో బల్ల మీద పెట్టి మడత విప్పాను.

తాతగారి పక్కన వలిచిన కాయల రాశి. రాశి మీద మూడు గీతల కొంగ. దాని పక్కన, కుంచె చేత్తో పట్టుకుని, గోచీ పెట్టుకున్న మేస్త్రీ.

మేస్త్రీ కోడలు, ఆ మనవడి తల్లి, ఎనభైకి దగ్గర పడిన మనిషి, వంగి చూసి గట్టిగా అంది: "ఓర్నాయనో, మా మావగారండి! ఇన్నేళ్ళూ బాబుగారి మడతలో కూకున్నారా మీరు!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తల మాత్రం దించుకున్నాను.

మనవడు ఆఫీసరు వైపు తిరిగి, చేతులు కట్టుకుని, మస్కట్‌లో నేర్చిన ఓపికతో అన్నాడు: "డబ్బాల మీద మీరు వాడుకోండి సార్, మేం కాదనం. కాపోతే ఏటా బట్టలెట్టాలండి. ఎవరో ఒకరు రావాలి, నడిచి. కొరియర్లో పంపితే కుదరదండి, ఆయ్." ఆఫీసరు కుర్రవాడు కూడా నవ్వాడు. లాయరు మాత్రం నవ్వకుండా ఫొటోని ఫోనులో నాలుగు వైపుల నుంచీ తీసుకున్నాడు.

శనివారం పొద్దున్న ఉత్తరం ఫోనులో వచ్చింది. రాశుల మీద కొంగ గీయడానికి, ఫ్లెక్సీల మీద, అమ్మకానికి కాని బనియన్ల మీద వేసుకోవడానికి అనుమతిస్తున్నామని రాశారు. ఆ ఒక్క మాట మార్చమని తిప్పి పంపించాను. అనుమతి ఇవ్వవలసినవారు మేస్త్రీ ఇంటివాళ్ళు. సాయంత్రానికి అభ్యంతరం లేదని మళ్ళీ వచ్చింది. వంతెన దగ్గర కాగితం పీకేశారు.

ఆదివారం గెలిచినది పలివెల నుంచి వచ్చిన ముఠాలో ఒకాయన. మనవడు కుంచె సున్నంలో ముంచి మూడు గీతలు గీశాడు. కొంగ లేచి నిలబడింది. సాయంత్రం నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఆ సందులో నడిచాను. సిమెంటు రోడ్డు పడి ఎన్నో ఏళ్ళయింది, చెప్పులు విడవవలసిన బురద లేదు, అయినా విడిచాను. కంపెనీవాళ్ళు ఎవరూ రాలేదు. వస్తారని నేను అనుకోనూ లేదు.

ఒక గుర్తు కావాలంటే ఆ రోజుల్లో మనిషి మనిషి గుమ్మంలోకి నడిచి వెళ్ళేవాడు. ఇప్పుడు ఊరి ముఖం చూడకుండానే, ఎక్కడో కూర్చుని సంతకంతో కొనుక్కోవచ్చు, సంతకంతో ఆపించవచ్చు. కొన్నవాళ్ళకి ఆ సందు ఎటు ఉందో తెలియవలసిన పనే లేదు. అమ్మినవాళ్ళకి తెలిసి ఉండవలసింది.

ఫొటోకి కొత్తపేటలో పెద్ద చట్రం కట్టించాను. మడత చార మాత్రం పోలేదు, తాతగారికీ మేస్త్రీకీ మధ్య సన్నని తెల్ల గీతలా ఉండిపోయింది. మా ఇంటికి వచ్చినవాళ్ళు, తాతగారు పటంలో పక్కకి జరిగినట్టున్నారే అంటున్నారు. నిజమే. ఇప్పుడు నడిమధ్యన ఉన్నది కొంగ.