సాలూరు ఘాట్‌లో గేరు మీద చెయ్యి

మా ఎదురింటి అన్నయ్య పోయారని మంగళవారం పొద్దున్న మన తెలుగువాళ్ల ఫోన్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. ఆ గ్రూపులో ఒకసారి బతికున్న మనిషికే దండ వేసిన ఫొటో పెట్టారు. చొక్కా తొడుక్కుని రోడ్డు దాటి వెళ్లాను. ఆయన్ని ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. అప్పటికీ కాసేపు ఆయన ఛాతీ వంకే చూస్తూ నిలబడ్డాను, కదులుతుందేమోనని.

చూడందే దేన్నీ నమ్మొద్దని నాకు నేర్పింది ఆయనే.

మా కాలనీ రుఆబాంధాలో కారున్న తెలుగువాళ్లలో ఆయన చేత మాట పడనివాళ్లు తక్కువ. ఇక్కడి ఉక్కు ప్లాంట్‌లో లోకో డ్రైవరుగా చేశారు. కరిగిన ఇనుము నింపిన పెద్ద బానల్లాంటి లాడిళ్లని వెనక తగిలించుకుని ముప్పై ఏళ్లు ఇంజను నడిపిన మనిషి. అలాంటి పని చేసినవాళ్లకి అనుమానం ఒంట్లోకి ఎక్కిపోతుంది కాబోలు. నేను ఈ ఊళ్లోనే క్యాంప్ ఒకటి అనే పేటలో కిరాణా కొట్టు నడుపుకున్నవాణ్ణి. చదివింది ఊళ్లో అయిదో తరగతి. కొట్టు మా అబ్బాయికి అప్పగించి ఇక్కడికి వచ్చాక, యాభై ఎనిమిదో ఏట ఒక పాత కారు కొన్నాను. నెల రోజుల్లో నడపడం వచ్చేసిందనుకున్నాను.

కారు కొన్న రెండు నెలలకి, కిటికీ పరదా పక్కకి తీసి చూస్తే ఈయన నా కారు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. చెయ్యి చక్రం దగ్గర పెట్టి ఏదో చేస్తున్నారు. ఏం పీకుతున్నాడో అనుకున్నాను. అడగడానికి మొహమాటం. మా ఆవిడ తోస్తే బయటికి వెళ్లాను.

"ఎక్కణ్ణుంచొచ్చేవు తమ్ముడూ?"

"కుమ్హారి వెళ్లొచ్చేనన్నియ్యా."

"ఫ్లైఓవర్ మీంచి న్యూట్రల్లో దిగీసేవు."

"నేదన్నియ్యా."

"చక్రం కాలిపోతంది. అది చెప్తంటే నువ్వు దాస్తావేటి?"

నిజమే, దాచాను. దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుందని కొట్టుకి వచ్చే డ్రైవర్లు చెప్పగా విన్నాను. పల్లం కనిపిస్తే చాలు, నా చెయ్యి దానంతటదే న్యూట్రల్‌కి పోయేది.

ఆ రోజు నుంచి నాకు ఆయన మీద ఒక కన్ను, ఆయనకి నా కారు మీద ఒక కన్ను. సందు చివర నేను ఆగితే చాలు, కిటికీలోంచి లోపలికి చూసేవారు. "ఆ కాలు తియ్యి. క్లచ్చు పాదం ఆన్చుకునే పీట కాదు." గేరు మీద చెయ్యి పెట్టుకుని నడిపినా తిట్టే. కాళ్ల దగ్గర నీళ్ల సీసా కనిపిస్తే చెయ్యి పెట్టి తీసి వెనక్కి విసిరేసేవారు. "ఇది బ్రేకు కింద దూరిందనుకో, నువ్వెంత తొక్కినా తొక్కేది సీసానే." మా ఆవిడ చీర నలుగుతుందని బెల్టు వీపు వెనక నుంచి తగిలించుకునేది, బెల్టు పెట్టమనే మోత ఆగితే చాలని. అది చూసి, "మరదలా, బెల్టు నీకు పెట్టేవా, సీటుకి పెట్టేవా? సీటెక్కడికీ ఎగిరిపోదు" అన్నారు. మా ఆవిడ ముసిముసిగా నవ్వింది గానీ మానలేదు.

గేటు దాటి పది గజాలు పోగానే ఒకసారి బ్రేకు తొక్కి చూడమనేవారు. "బ్రేకుని అడిగి బయల్దేరాల. నిన్న పడింది కదాని ఇయ్యాళ పడుద్దని ఎవడు చెప్పేడు?"

ఇన్ని వంకలు పెట్టే మనిషికి నా కారు మీద ఏదో ఆశ ఉండాలనుకున్నాను. ఒకసారి, "నీకు చాతకాకపోతే కారు అమ్మీ, నాకు చెప్పు" అన్నారు. దాంతో నా అనుమానం గట్టిపడింది. కారుకి కవరు కొని కప్పడం మొదలుపెట్టాను. ఆయన చూసి, "దుప్పటి కప్పితే బ్రేకులు బాగయిపోతాయేటి" అని నవ్వారు.

ఆరేళ్ల కిందట విజయనగరం దగ్గర మా బావమరిది కూతురి పెళ్లి వచ్చింది. కారులో వెళ్దామని మా ఆవిడ సరదా పడింది. ఆ సంగతి ఆయన చెవిన పడింది.

"సాలూరు మీద్నించేనా?"

"అవునన్నియ్యా."

"ఘాట్లో ఏ గేర్లో దిగుతావు?"

"రెండులో."

నా మొహంలోకి చాలాసేపు చూశారు. "అయితే నానూ వస్తాను. సాలూర్లో మా అక్క ఉంది. అక్కడ దింపీ."

కాదనలేకపోయాను. ఇంట్లోకి వచ్చి, టికెట్టు లేకుండా ప్రయాణం చెయ్యాలని చూస్తున్నాడని గొణుక్కున్నాను. బయల్దేరే పొద్దున ఆయన ఒక చిన్న సంచితో వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. మా ఆవిడ వెనక కూర్చుంది. దారిలో టీకి ఆగినప్పుడు నా పక్కకి వచ్చి మెల్లగా అంది: "అక్కింటికెళ్తూ బావగారు ఒట్టి చేతుల్తో వస్తన్నారేటండీ? ఒక పండైనా కొనలేదు. పదేళ్ల నించీ ఎరుగుదుం, ఆ అక్క మాట ఎప్పుడైనా విన్నామా?" నాకు ఆ లెక్క తోచనే లేదు. అప్పటి నుంచి ఇద్దరం ఆయన వంక మరోలా చూశాం.

రాత్రి జగదల్‌పూర్‌లో ఆగి మర్నాడు మళ్లీ బయల్దేరాం. పొట్టంగి దాటాక దిగుడు మొదలైంది. నా ఎడమ చెయ్యి గేరు మీదకి వెళ్లింది. అప్పటికే అక్కడ ఆయన కుడి చెయ్యి ఉంది.

"చెయ్యి తీ అన్నియ్యా."

"నా చెయ్యుంటే నీకేటి? రెండన్నావు కదా. రెండు వెయ్యి."

వేశాను. ఇంజను గోలపెట్టింది. "పాడైపోద్దేమో" అన్నాను.

"అరుస్తంది గానీ పాడవదు. మనల్ని పట్టుకున్నాది అదే. న్యూట్రల్లో అయితే నువ్వొక్కడివే పట్టుకోవాల. ఎనకాల మరదల్ని కూడా. నీ పాదానికి అంత సత్తువుందేటి?"

గేరు మీద చెయ్యి పెట్టొద్దని ఏళ్ల తరబడి తిట్టిన మనిషి ఆ కొండ దిగినంతసేపూ చెయ్యి తియ్యలేదు. సగం దిగాక ఒక మలుపులో టీ దుకాణం ఉంటే ఆగాం. గ్లాసులు చేతికి వచ్చేలోగా పై నుంచి ఒక కారు వచ్చింది. మా ఊళ్లో బళ్లకుండే సీజీ నంబరే. కొండ వైపు గట్టుకి రాసుకుంటూ, మట్టి లేపుకుంటూ పోయి ఆగింది. ముందు చక్రాల నుంచి పొగ. కాలిన వాసన. నడుపుతున్నతను దిగి తలుపు పట్టుకున్నాడు. వెనక సీట్లోంచి ఒక ముసలావిడని దింపారు. ఆవిడ రాయి మీద కూర్చుని ఒక చేత్తో రెండో చేతిని పట్టుకుంది.

"బ్రేక్ లగ్ హీ నహీ రహా థా" అన్నాడతను. తొక్కుతున్నా బ్రేకు పట్టనే లేదట.

అన్నయ్య అడిగారు. "న్యూట్రల్ మే థే?"

"హా భయ్యా. తేల్ బచతా హై."

పెట్రోలు మిగులుతుందని. నా మాటే అతని నోట్లోంచి వచ్చింది. అన్నయ్య నా వంక చూస్తారనుకున్నాను. చూడలేదు. ఆ ముసలావిడకి తన టీ గ్లాసు ఇచ్చి వచ్చారు. మళ్లీ కారెక్కాక వెనక నుంచి చిన్న చప్పుడు వినిపించింది. మా ఆవిడ బెల్టుని వీపు వెనక నుంచి తీసి, ముందుకి తెచ్చి పెట్టుకుంది.

సాలూరు మెయిన్ రోడ్డు మీద ఆపమన్నారు. ఇంటి దాకా దింపుతానన్నాను.

"వద్దు, పక్కనే. ఇక్కణ్ణించి తిన్నటి రోడ్డే, నువ్వు పద."

వారం తర్వాత మేం తిరిగొస్తే ఆయన గుమ్మంలోనే ఉన్నారు. అక్క బాగుందా అని అడిగాను. బాగుందన్నారు. అంతకు మించి అడగలేదు. దిగుడులో మళ్లీ న్యూట్రల్ వెయ్యలేదు. ఆ మాట ఆయనకి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. నాకు మాటలు తొందరగా రావు. ఆరేళ్లు గడిచిపోయాయి.

ఆయన పోయిన మూడో రోజు వాళ్లింట్లో వదిన దగ్గర కూర్చున్నప్పుడు అడిగాను, సాలూరు అక్కకి కబురు పంపారా అని.

"ఏ అక్క?" అంది వదిన. "మీ అన్నియ్యకి అక్కా నేదు, చెల్లీ నేదు. సాలూర్లో మాకెవరున్నారు నాయనా?"

నేను ఆ ప్రయాణం సంగతి చెప్పాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఓ, అదా. ఎక్కడికెల్తన్నారంటే, 'ఆడు రెండులో దిగుతానన్నాడు, నాకు నమ్మకం నేదు. మరదలు పిల్ల ఎనకాల కూకుంటాది' అన్నారు. మర్నాడు కూడా రాలేదు. ఆ మర్నాడు మధ్యాన్నం ఒళ్లు హూనమయిపోయి వచ్చేరు."

ఇంటికి వచ్చి మా ఆవిడకి చెప్పాను. 

అప్పటి నుంచి ఒకటే కనిపిస్తోంది. మా కారు కనుమరుగయ్యేదాకా ఆగి, ఆయన సాలూరులో రోడ్డు దాటి ఉంటారు. కొండ మీదకి వెళ్లే బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుని ఉంటారు. పొద్దున్న మేం దిగిన మలుపుల్ని బస్సు మూలుగుతూ ఒక్కొక్కటే ఎక్కుతోంది. ఆయన కుడి చెయ్యి, పట్టుకోవడానికి ఏమీ లేక, ఒళ్లో వెల్లకిలా పడి ఉంది.