కుట్టు గది గవాచి

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఊళ్లో ఎటు చూసినా ఆఫీసులే. కరెంటు చాలేది కాదు. బడుల్లో దీపాలు ఎక్కడ వృథాగా వెలుగుతున్నాయో చూడడానికి ఒక ఆఫీసరును తిప్పారు. ఆయన మా ఆడపిల్లల బడికీ వచ్చాడు. నేను అక్కడ కుట్టు నేర్పేదాన్ని. ఎనిమిదో తరగతి చదువు, ఖాయం కాని ఉద్యోగం.

బడి ఒక పాత మట్టిమిద్దె. కుట్టు గదికి కిటికీలు లేవు. పగలంతా రెండు బల్బులు వెలిగేవి. ఆఫీసరు గడపలోనే ఆగిపోయాడు.

"పట్టపగలు దీపాలేంటండీ? ఈ క్లాసు ఎత్తేయమని రాస్తాను. పిల్లలు కుట్టు ఇంట్లో నేర్చుకుంటారు," అన్నాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి.

క్లాసు పోతే నా పని పోయినట్టే. నా నోరు ఆగలేదు.

"మీ చొక్కా ఇంట్లోనే కుట్టినారా సార్?"

"నువ్వు ఊరుకోమ్మే!" అంది ఆయన వెంట వచ్చిన మా పెద్దపంతులమ్మ.

ఆయన నవ్వలేదు. తలెత్తి పైకప్పు చూశాడు. "ఆ నల్లగా ఉన్నదేంటి?"

"గవాచి సార్. వెలుతురు కోసరం మిద్దెకు పెట్టే కంత."

"మరి వెలుతురేదీ?"

అప్పుడు గుర్తొచ్చింది. మాది మగ్గాల ఇల్లు. చినుకు పడితే అమ్మ మిద్దెక్కి గవాచి మీద బండ కప్పేది, వాన వెలిసిన వెంటనే తీసేది. లేకపోతే మగ్గం ఆగిపోతుంది. బడిలో వానకు బండ కప్పింది నేనే. కానీ ఇక్కడ స్విచ్చి ఉంది కదా, తీయాలన్న ఆలోచనే రాలేదు. వానలు పోయి శానా రోజులైంది.

కొంగు దోపుకుని నిచ్చెన ఎక్కాను. బండ జరిపితే కింద ఆఫీసరు చొక్కా మీద మట్టి రాలింది. దిగి వచ్చేసరికి రెండు బల్బులూ ఆర్పేసి నిలబడ్డాడు.

"నల్ల దారం సూదికి ఎక్కించండి, చూద్దాం."

మొదటిసారి ఎక్కలేదు.

"కనపడటం లేదా?"

"బాగా కనపడతాండాది సార్. దారం కొసే చీలిండాది."

కొస కొరికి తడి చేస్తే రెండోసారి ఎక్కింది. నల్ల గుడ్డ మీద నాలుగు కుట్లు వేసి చూపించాను. ఆయన గుడ్డను వెలుతురుకు పట్టి చూసి, ఒక బల్బు తీసేయాలనీ, క్లాసు ఉండొచ్చనీ రాసుకున్నాడు. చొక్కా దులుపుకుంటూ పక్క గదిలోకి వెళ్లాడు.

"ఇంకమీద వానొస్తే ఎవురెక్కల్ల మిద్దె?" అంది పెద్దపంతులమ్మ.

"నేనే ఎక్కుతాలే మేడం."

"ఎక్కేది సరే. వాన వెలిసినాక బండ తీసేది మర్చిపోవద్దు."